నిండుదా, నొక్కిందా

మా పక్కింటి కాలేజీ పిల్ల మొన్న ఫోను పట్టుకొని వచ్చింది. "అమ్మమ్మా, గీ పాట రెండు తీర్ల దింపుకోవచ్చంట. ఒకటి జాగ మస్తు తింటది, ఇంకోటి జరంతనే తింటది. రెండూ ఇన్న. నాకైతే ఒక్కతీర్గనే ఉన్నయి. నువ్వు క్యాసెట్ల షాపుల చేసినవు గద, ఏది దింపాల్నో చెప్పు" అంది. నవ్వులాటకే అడిగింది. నేను ఆ ఫోనును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాను. "సరేతియ్, నీకు సమజ్ గాలే" అని చిన్నదే దింపుకొని వెళ్లిపోయింది.

సమజ్ కాక కాదు. అదే మాట ఒకప్పుడు నన్ను ఒక పెద్దమనిషి అడిగాడు. అప్పుడు నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు ఎక్కడిదాకా పోయిందో ఆ పిల్ల వయసున్న మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను హాలియాలో ఒక రికార్డింగు షాపులో ఎనభైల నడిమి నుంచి తొంభైల చివరి దాకా పనిచేశాను. రికార్డింగు షాపు అంటే మీలో చాలామందికి తెలియదు. జనం వచ్చి తమకు కావలసిన పాటలు చెప్పి పోయేవారు. మేము వాటిని రకరకాల క్యాసెట్ల నుంచి ఏరి ఒక్క క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. సాగర్ కాలువ నీళ్లు పారాక మా దిక్కు వరి బాగా పండింది. ట్రాక్టరు కొన్నవాడు ముందు దానికి టేపు పెట్టించేవాడు, తర్వాతే నాగళ్ల సంగతి చూసేవాడు. జీపుల వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్పీకర్లు పెట్టగా మిగిలిన చోటే మనుషులకు.

షాపు యజమానిని ఊరంతా సేట్ అనేది. నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. మొదట నన్ను ఊడవడానికీ, అద్దాలు తుడవడానికీ పెట్టుకున్నాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కానీ తుడిచి తుడిచి ఏ క్యాసెట్ ఏదో గుర్తుపట్టడం వచ్చేసింది. ఒకదానికి మూల పగిలి ఉంటుంది, ఒకదాని మీద టీ మరక ఉంటుంది, ఒకదాని స్క్రూ తుప్పు పట్టి ఉంటుంది. గుర్తు లేనివాటికి నేనే దారాలు కట్టాను. పెళ్లి పాటలకు ఎర్రదారం, ఖవ్వాలీలకు పచ్చదారం, శివుడి పాటలకు తెల్లదారం. వచ్చినవాళ్లు నవ్వేవారు. "ఏందక్కా, క్యాసెట్లకు తాయెత్తులు కట్టినవు, దిష్టి తగుల్తదా?" అనేవారు. "మీ అసుంటోళ్లు చూస్తే తగలదా మరి" అనేవాడు భాయ్. ఆయన నాకు మిషను మీద పని నేర్పింది కూడా ఆ దారాలు చూసిన తర్వాతే.

పని పెద్దదేం కాదు. దూదికి స్పిరిటు అద్ది టేపు రాసుకునే చోట తుడవాలి. పెన్సిలుతో టేపు బిగించాలి. పాట మొదలయ్యే చోటు పట్టుకోవాలి. నాకు ఒక పట్టింపు ఉండేది, టేపు చివర ఖాళీ వదలకూడదని. పాటలు అయిపోయాక మిగిలిన కాస్త టేపు గుర్రుమంటూ తిరుగుతుంటే కొన్నవాళ్లకు ఏదో మోసపోయినట్టు ఉండేది. అందుకని చివర సగం పాటైనా సరే పట్టినంత పట్టించేదాన్ని. "ఆ అక్క నింపితే అంచుదాక నింపుతది" అని పేరు. ఆ పేరంటే నాకు సంబురంగా ఉండేది.

భాయ్‌కి వేరే పట్టింపు ఉండేది. మా దగ్గర ఏ సినిమా పాటలకైనా కంపెనీ క్యాసెట్ ఒకటి ఉండేది. దాన్ని ఆయన అసల్ అనేవాడు. అసల్ పై అరలో ఉండాలి. దాని నుంచి ఒక నకలు తీసి, ఆ నకలు నుంచే అందరికీ ఎక్కించాలి. ఎంత తెలిసినవాడు వచ్చి బతిమాలినా అసల్ షాపు గడప దాటేది కాదు. "అసల్ పోతే నా చెవు పోయినట్టే చెల్లె" అనేవాడు. ఎవరైనా అసల్‌ను చేతిలోకి తీసుకుంటే చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చూసేవాడు, ఎక్కడ జార్చేస్తారో అని.

ఇంకొక పద్ధతి ఉండేది. పాత క్యాసెట్ తెచ్చి ఇస్తే కొత్తదాని మీద ధర తగ్గించేవాళ్లం. అట్లా వచ్చిన వాటిని తుడిచి, పాటలు చెరిగిపోకుండా క్యాసెట్ అంచున విరిచేసిన పుల్లల చోట కాగితం ముక్క అతికించి, పాతవి చెరిగిపోయేట్టు వాటి మీదే మళ్లీ పాటలు ఎక్కించి జీపుల వాళ్లకు, ట్రాక్టరు వాళ్లకు తక్కువలో ఇచ్చేవాళ్లం. ఆ కాగితాలు అతికించేది నేనే.

తొంభైల మొదట్లో బడి అరుగు మీద పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. పొద్దుగూకాక పోయి కూర్చునేదాన్ని. పలక మీద కంటే క్యాసెట్ల అట్టల మీదే ఎక్కువ నేర్చుకున్నాను. ఒకరోజు అట్ట మీద పేరు చదివి తీసి ఇస్తే భాయ్ కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "ఇగ దారాలు తెంపేస్తవా ఏంది?" అన్నాడు. తెంపలేదు. చదువు వచ్చినా చెయ్యి ముందు దారానికే పోయేది.

తర్వాత షాపులోకి కంప్యూటర్ వచ్చింది. పట్నంలో పనిచేసి వచ్చిన భాయ్ మేనల్లుడు దాన్ని జీపులో, ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు, హుషారైనవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. క్యాసెట్లోని పాటను కంప్యూటర్లోకి తీసుకొని, అద్దంలా మెరిసే డిస్కు మీద వేసి ఇవ్వడం అతని పని.

దానిలో రెండు రకాలు ఉండేవి. పాటను ఉన్నది ఉన్నట్టు వేస్తే ఒక డిస్కులో ఒకటి రెండు క్యాసెట్ల కంటే పట్టవు. చిన్నగా చేసి వేస్తే ఒక సంచెడు క్యాసెట్లు ఒక్క డిస్కులో పడతాయి. తమ్మి వీటికి ఇంగ్లీషు పేర్లు చెప్పాడు. మా నోళ్లు తిరగలేదు. మేము నిండుది, నొక్కింది అనుకున్నాం. షాపులో అవే పేర్లు నిలిచిపోయాయి. వచ్చినవాళ్లు కూడా "నాకు నొక్కింది ఇయ్యి సేటూ" అనేవారు.

మొదటిసారి నొక్కిన డిస్కు చూసి భాయ్ నమ్మలేదు. "అరే, గింత డబ్బీల గంత బారాత్ ఎట్ల పట్టిందిరా? గుర్రాన్ని ఇడిసిపెట్టి తెచ్చినవా?" అన్నాడు.

"గుర్రం గూడ ఉన్నది మామా. ఇను" అన్నాడు తమ్మి.

ఆ రోజు ముగ్గురం వంతులవారీగా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాం. ఒకే పాట, ఒకసారి నిండుది, ఒకసారి నొక్కింది. ఏది ఏదో చెప్పకుండా పెట్టాడు. భాయ్ కళ్లు మూసుకొని విని, ఇది నిండుది అని గట్టిగా చెప్పాడు. అది నొక్కింది. నేనూ తప్పే చెప్పాను. నిజం చెప్పాలంటే పాత టేపుల నుంచి తీసిన పాటలైతే నొక్కిందే బాగున్నట్టు అనిపించింది. టేపు వెనక ఎప్పుడూ ఉండే ఆ సన్నటి బుసబుస తగ్గిపోయి సాఫ్‌గా వినపడింది. పద్నాలుగు పదిహేనేళ్లుగా చెవులతో బతికినదాన్ని, నాకు తేడా తెలియకపోతే ఇంక తేడా లేనట్టే అనుకున్నాను.

ఆ పెద్దమనిషి వచ్చిన రోజు భాయ్ షాపులో లేడు. కళ్లు చూపించుకోవడానికి నల్లగొండ దవాఖానకు పోయాడు. ఎండ బాగా ఉంది. తుండుగుడ్డలో మూట కట్టిన క్యాసెట్లు బల్ల మీద పెట్టి, గుడ్డ విప్పి, అదే గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కాలువ కింది ఊరి రైతు. నేను పెద్దయ్యా అన్నాను.

"మా ఇంటిది పోయి ఏడాది కావస్తాంది బిడ్డా. వచ్చే నెలల ఏడాది మాసికం. అందరొస్తరు. ఆమె పాడిన పాట ఉన్నది గిండ్ల. గది అందరికి ఇనిపియ్యాల్నని" అన్నాడు.

"మీ టేపు లేదా పెద్దయ్యా?"

"ఉన్నది గని రీలును నమిలి ఉమ్మేస్తాంది. అల్లుడు గిప్పుడు కొత్త మిషిని తెచ్చిండు. పల్లెం లెక్క ఉంటది జూడు, గది ఏస్తె పాడుతదంట. గందుకే వచ్చిన."

మూటలో మల్లన్న కథ ఉంది, కొన్ని భజనలు ఉన్నాయి. అవన్నీ కూడా మాసికం నాడు పెట్టాలట. వాటి మధ్య ఒక క్యాసెట్ మీద పసుపు వేలిముద్ర ఉంది. ఎండి నల్లబడిన పసుపు. అదేంటని అడిగాను.

"అల్లుడు పెండ్లైన కొత్తల టేపు తెచ్చిండు. కొత్త సామాను ఇంట్లకు వచ్చిందని టేపుకు, క్యాసెట్టుకు మా ఇంటిది బొట్టు పెట్టింది. అల్లునిది చూపిచ్చుకునే ఆత్రం. పొలం కాడికి తీస్కపోయి ఒడ్డు మీద పెట్టి రికార్డు చేసిండు. గప్పుడు నాట్లేస్తుండిరి. మా ఇంటిది గూడ పాడింది" అన్నాడు.

తమ్మి ఆ క్యాసెట్ పెట్టాడు. నీళ్లలో కాళ్లు కదులుతున్న చప్పుడు, ఎక్కడో ఎడ్ల గంటలు. అంతలో ఒక ఆడమనిషి గొంతు లేచింది. నేను చేస్తున్న పని ఆపేశాను. అంత గట్టి గొంతు, అంత నిక్కచ్చి గొంతు. ఆమె ఒక మాట అంటే మిగతావాళ్లు అందరూ కలిసి వంత పాడుతున్నారు. తమ్మి నా వైపు చూసి తల ఊపాడు. "తాతా, అవ్వ ఏం గొంతు తాతా. రేడియోల పాడేటంత గొంతు" అన్నాడు.

పెద్దమనిషి ఏదో అనబోయాడు. కానీ అంతలోనే తానే ముఖం తిప్పుకున్నాడు. "బందు చెయ్యి బిడ్డా. మాసికం దాక ఇననని అనుకున్న. ఇంట్ల అందరి ముంగటనే వింట" అన్నాడు. తమ్మి వెంటనే ఆపాడు.

ఆ అనబోయిన మాట ఏమిటో నేను అడగలేదు. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే.

తమ్మి ఆయనకు రెండు రకాల గురించి వివరంగానే చెప్పాడు. దాచలేదు, తొందర పెట్టలేదు. "తాతా, అవ్వ పాటను నిండుగ ఏస్తె అదొక డిస్కు అయితది, మల్లన్న కథ, భజనలు నొక్కి ఇంకొక డిస్కు చేస్త. లేకుంటె అన్ని కలిపి నొక్కి ఒక్కటే డిస్కు చేస్త. ఇనెటందుకైతె ఒక్కతీర్గనే ఉంటది" అన్నాడు.

ఆయన అతని మాట విని, అతన్ని కాకుండా నన్ను అడిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. నిండుదా, నొక్కిందా?"

ఇక్కడ నేను ఎందుకు అట్లా చెప్పానో మీకు చెప్పాలి. డబ్బు కోసం కాదు, రెండు డిస్కులు ఇస్తే షాపుకే లాభం. నేను చూసింది వేరే. ఆయన క్యాసెట్లను మూటలోంచి తీసేటప్పుడు అట్టల మీది రాత వైపు చూడలేదు. పసుపు మరక చూసి ఆమె పాట తీశాడు, విరిగిన మూత చూసి మల్లన్న కథ తీశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను చాలా ఏళ్లు అట్లాగే చూశాను. డిస్కులకు మూల పగలదు, మరక నిలవదు, దారం కట్టడానికి చోటు లేదు. రెండు డిస్కులు చేతికిస్తే రెండూ ఒకే అద్దం. మాసికం నాడు అందరి ముందు ఏది ఏదో తెలియక ఆయన తడుముకుంటూ నిలబడతాడు. పక్కన ఎవరో పోరగాడు నవ్వుతాడు. అట్లా నిలబడడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

"ఒక్కటే చేయించుకో పెద్దయ్యా. నొక్కిందే మంచిది. ఏస్తె ముందుగాల అవ్వ పాటనే వచ్చేటట్టు పెడతడు. నువ్వు ఏం ఎతుక్కునే పని లేదు" అన్నాను.

"గంతే చెయ్యుండ్రి మరి" అన్నాడు. ఆయన ముఖంలో నిశ్చింత కనిపించింది. నాకు చాలా సంతోషమైంది.

అన్నీ పట్టాలంటే బాగా నొక్కాల్సి వచ్చింది. తమ్మి చివరికంటా నొక్కి, మొదటి పాట నాకు వినిపించాడు. ఆమె గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. బుసబుస లేదు. ఇద్దరం శభాష్ అనుకున్నాం. అప్పటి కంప్యూటర్లలో జాగా తక్కువ. నిండు పాటలు తీసేయకపోతే ఇంకో పని మొదలుపెట్టడానికి ఉండదు. ఎప్పటిలాగే తీసేశాడు.

మర్నాడు డిస్కు తీసుకోవడానికి వచ్చినప్పుడు క్యాసెట్లు తిరిగి ఇవ్వబోతే ఆయనే వద్దన్నాడు. "ఇంట్ల ఉంటె పోరగాండ్లు తీసి రీలు గుంజుకుంట ఆడుతరు. టేపు గూడ పాడైపాయె. మీరే పెట్టుకోండ్రి" అన్నాడు. పద్ధతి ప్రకారం ధర తగ్గించాం. డిస్కును తుండుగుడ్డలో చుట్టుకొని, బండి మీద కాకుండా నడుచుకుంటూ బస్సు దగ్గరికి పోయాడు. బండి కుదుపుకు పగులుతుందేమో అని భయం.

పసుపు మరక ఉన్న క్యాసెట్‌కు నేనే కాగితం అతికించి, దాని మీద సినిమా పాటలు ఎక్కించాను. పై అరలో ఎవరో హీరో పాటల అసల్‌లు వరుసగా ఉన్నాయి, దుమ్ము పడకుండా వాటికి ప్లాస్టిక్ కవర్లు కూడా వేశాం. వాటి కిందే కూర్చొని ఆ పని చేశాను. ఆ పాటలు మిర్యాలగూడలో దొరుకుతాయి, నల్లగొండలో దొరుకుతాయి, ఎక్కడైనా దొరుకుతాయి. నా చేతిలో ఉన్నది ప్రపంచంలో ఒక్కటే. అది కూడా అసలే అని నా బుర్రకు తట్టలేదు. అసల్ అంటే కంపెనీది అని మా లెక్క.

మాసికం అయిపోయాక ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి భాయ్ ఉన్నాడు. పెద్దమనిషి డిస్కును బల్ల మీద పెట్టి, పోట్లాడకుండా, తప్పు తనదే అన్నట్టు నెమ్మదిగా అడిగాడు.

"పాట మంచిగ వచ్చింది బిడ్డా. అందరు మంచిగున్నదన్నరు. గని మా ఇంటిది లేదు గద."

మాకు అర్థం కాలేదు. తమ్మి డిస్కు వేశాడు. ఆ గొంతు లేచింది. "గిదేంది తాతా, గీ గొంతు అవ్వదే గద" అన్నాడు.

"గామె మా పక్క పొలమామె. నాట్లకు ముందు పాడేది ఎప్పుడూ గామెనే. మాసికానికి వచ్చింది గూడ. ముందటనే కూసోని బువ్వ తింటాంది. అందరు గామె దిక్కు తిరిగి, ఏం పాడినవు పిల్లా, ఏం పాడినవు అనవట్టిరి. గామెకు సిగ్గాయె, బువ్వ ముద్ద పట్టుకొని తల కిందికి ఏసుకున్నది" అన్నాడు.

తమ్మి పాట ఆపాడు.

"మా ఇంటిది ఎనక పాడేది. ఆమెకు ఒక చెవు ఇనపడది. పక్కామె మూతి దిక్కు చూసి పాడేది. గందుకే అందరి వంత అయిపోతుంటె ఆమెది మొదలైతది. సన్నగొంతు, అందరికంటె ఎనక. తోటోళ్లు నవ్వేటోళ్లు. మేం ఒడ్డెక్కినంక నువ్వు నాటేస్తవా అనేటోళ్లు. క్యాసెట్ల గది ఇనపడుతుండె బిడ్డా. అందరు ఆపినంక ఒక్క జరంత ఆమె గొంతే ఉంటది. గది ఇందామనే." డిస్కు వైపు చూపించాడు. "గిండ్ల ఆ జాగల నీళ్ల చప్పుడు లెక్క వస్తాంది. నీళ్లల్ల మునిగినట్టున్నది."

తమ్మి ఆ చోటును మళ్లీ మళ్లీ పెట్టాడు. తెలిసి వింటే వినపడుతుంది. వంత ముగిసే చోట ఏదో గులగులమని కదిలి ఆగిపోతోంది. అది నీళ్ల చప్పుడనే అనుకున్నాం ముందు. నాట్లు కదా, నీళ్లు ఉంటాయి కదా. ఇంతా చేసి అది మనిషి.

నొక్కడం అంటే ఏమిటో తమ్మి అప్పుడు నిదానంగా చెప్పాడు. యంత్రం గట్టి చప్పుళ్లను ఉంచుకుంటుందట. వాటి పక్కన ఉండే సన్న చప్పుళ్లు మనిషి చెవికి ఎలాగూ ఆనవు అని లెక్కగట్టి, వాటిని వదిలేస్తుందట. ఎంత నొక్కితే అంత వదిలేస్తుంది. మేము ముగ్గురం విని తేడా లేదన్నామంటే, మేము కూడా ఆ యంత్రం విన్నట్టే విన్నాం. గట్టి గొంతు వినపడగానే ఆగిపోయాం. దాని వెనక ఎవరైనా ఉన్నారా అని చూడలేదు.

భాయ్ అడిగాడు. "నొక్కినదాన్ని మళ్ల ఉబ్బియ్యరాదారా?"

"ఉబ్బుతది మామా. జాగ నిండ ఉబ్బుతది. గని పోయింది వాపస్ రాదు."

"నిండుది?"

"తీసేసిన."

"క్యాసెట్?"

తమ్మి నా వైపు చూశాడు. ఇద్దరూ నా వైపు చూశారు. పసుపు మరక గుర్తుంది కాబట్టి ఎవరికి ఇచ్చానో కూడా గుర్తుంది. హాలియా నుంచి సాగర్ దాకా తిరిగే ఒక జీపు డ్రైవరుకు. అతను రోజూ షాపు ముందు నుంచే పోతాడు. భాయ్ పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను.

జీపు వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే ఆపాడు. లోపల ఆ క్యాసెట్టే మోగుతోంది, నేను ఎక్కించిన పాటలే. "ఏందక్కా, ఇచ్చిన పాటలు వాపస్ గుంజుకుంటవా?" అన్నాడు. బదులుకు కొత్తది ఇస్తామన్నాను. "కొత్తది వద్దు. గీ లెక్కనే అంచుదాక నింపి ఇయ్యి. ప్యాసింజర్లు మధ్యల పాట బందైతె నా మీద పడుతరు" అంటూ తీసి ఇచ్చాడు. అంచుదాక అన్న ఆ మాట చెవిన పడగానే క్యాసెట్ పట్టుకొని వెనక్కి పరుగెత్తాను.

లోపలికి వచ్చి, నేను నింపకుండా ఏమైనా మిగిలిందేమో అని మొదటి వైపు చివరికి తిప్పి పెట్టాం. సినిమా పాటే చివరికంటా ఉంది. నేను నింపిందే. టక్కుమని ఆగింది. భాయ్ క్యాసెట్ బయటికి తీశాడు. రెండో వైపు తిప్పాడు.

రెండో వైపు చివర సగం పాట ఎక్కించాను. ఆ పాట తెగిన చోట ఒక్కసారి కరకరమంది. తర్వాత నీళ్లు. నీళ్లలో కాళ్లు. తమ్మి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. టేపు అంచున నేను నింపకుండా ఎట్లా మిగిలిపోయిందో నాకు తెలియదు. ఆ రోజు ఎవరో పిలిచి ఉంటారు, చెయ్యి కొంచెం ముందే బటన్ మీద పడి ఉంటుంది. పనిలో నేను చేసిన తప్పులన్నింటిలో నాకు ఇష్టమైన తప్పు అదొక్కటే.

గట్టి గొంతు ఒక మాట పాడింది. పెద్దమనిషి ముందుకు వంగాడు. అందరూ వంత అందుకున్నారు.

"గిప్పుడొస్తది" అన్నాడు. వేలు పైకెత్తి పెట్టాడు, మేము మాట్లాడతామేమో అని. "అందరిది అయినంక. గిప్పుడొస్తది."

వంత ముగియవచ్చింది. గొంతులు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. టేపు అయిపోయి టక్కుమని ఆగింది.

వేలు అట్లాగే ఉంది. భాయ్ చిన్నగా వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. నీళ్లు, గట్టి గొంతు, వంత, టక్కు. మళ్లీ పెట్టాడు. చెవి స్పీకరుకు ఆనించి విన్నాం. నిండు టేపు, ఏ నొక్కుడూ లేదు, ఎడ్ల గంటలు కూడా దూరంగా వినపడుతున్నాయి. అన్నీ ఉన్నాయి. ఆమె పాడాల్సిన చోటు ఒక్కటే టేపుకు అవతల పడింది.

భాయ్ షాపులోంచి మంచి టేపు రికార్డరు ఒకటి తీసి తుడిచి, ఆ క్యాసెట్ అందులో పెట్టి ఆయన ముందు పెట్టాడు. "తీస్కపో కాకా. పైసల మాట తియ్యకు" అన్నాడు. నేను, "పెద్దయ్యా, నేనే చెప్పిన ఒక్కటి చాలని" అన్నాను.

ఆయన నా మాట విన్నాడో లేదో తెలియదు. టేపు రికార్డరును ఒళ్లో పెట్టుకొని, మూత తెరిచి, క్యాసెట్ మీది పసుపు మరకను బొటనవేలితో తడుముతున్నాడు. ముఖంలో కోపం లేదు. ఇంటి విషయం ఏదో గుర్తొచ్చినట్టు కొద్దిగా నవ్వాడు.

"చూసినవా బిడ్డా" అన్నాడు. "గిప్పుడు గూడ ఎనకనే పడ్డది."